మందు పాలల్లోకి దిగుతుందా?

ముప్పై రెండేళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేశాను. జనం నోట్లో నేను కాంపౌండరు గారిని, మందుల సారుని. ఇన్నేళ్ళలో ఈయన ఒక్కరికి కూడా తప్పు మందు ఇవ్వలేదని రిటైరైన రోజు సభలో ఎవరో అన్నారు. దండ వేసి శాలువా కప్పి అన్న మాట కాబట్టి తల వంచుకుని విన్నాను. పైగా అది నిజం. సరైన మందే ఇచ్చి ఒక మనిషిని పోగొట్టిన సంగతి మాత్రం ఆ సభలో నేను చెప్పలేదు. ఇప్పుడు మందుల కిటికీల వెనకా, షాపుల కౌంటర్ల వెనకా నిలబడుతున్న పిల్లల కోసం దాన్ని రాస్తున్నాను. మీరు నాకంటే ఎక్కువ చదువుకున్నవాళ్ళే. అయినా వినండి.

ఎనభైల నడుమ మాట. మా కాపురం తెనాలిలో. మా ఆవిడ అక్కడ ఒక స్కూల్లో టీచరు. నా పోస్టింగు రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో. ఊరి పేరు వద్దు. పొద్దున్నే తెనాలిలో రేపల్లె బండి ఎక్కేవాణ్ణి. వేమూరు, భట్టిప్రోలు మీదుగా వరిచేల మధ్య నుంచి అది తాపీగా వెళ్ళేది. రేపల్లెలో దిగి బస్సు పట్టుకుంటే ఆసుపత్రి. సాయంత్రం మళ్ళీ అదే దారి. డ్యూటీ నాలుగింటి దాకా. కానీ మూడున్నర బస్సు తప్పితే రేపల్లెలో తెనాలి బండి అందదు. అందుకని నా డ్యూటీ మూడుంబావుకే అయిపోయేది. కిటికీ దగ్గర ఎంతమంది ఉన్నా మూడింటికల్లా లైను కరిగిపోవాలి. ఎంత తొందరగా కరిగిస్తే అంత సమర్థుణ్ణని నా నమ్మకం. "మన కాంపౌండరు గారి చెయ్యి మిషనండీ" అని డాక్టరు గారు కూడా మెచ్చుకునేవారు. ఆయన వారానికి మూడు రోజులు వచ్చేవారు. మంచాయనే. కానీ మాట పొదుపు.

ఆ ఆసుపత్రిలో నేను భయపడే మనిషి ఒక్కతే. మా నర్సు. బాపట్ల ఆవిడ, లూథరన్ క్రైస్తవ కుటుంబం. నాకంటే పదేళ్ళు పెద్ద. ఐదారు పల్లెలు నడిచి తిరిగేది. ఎవరింట్లో ఎవరు నెల తప్పారో, ఎవరి బిడ్డకు విరేచనాలో అన్నీ ఆమెకు తెలుసు. గట్టిగా మాట్లాడేది కాదు, ఊరికే అలా చూసేది. ఆ చూపుకే నేను రిజిస్టరు సర్దుకునేవాణ్ణి.

ఒక మంగళవారం ఆ అమ్మాయి మొదటిసారి నా కిటికీ దగ్గరికి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. సముద్రం మీద వేటకు వెళ్ళే ఇంటి కోడలు. చంకలో మూడు నెలల ఆడపిల్ల. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. తెనాలిలో కళ్ళె పరీక్ష చేసి టీబీ అని తేల్చి, మందులు మా దగ్గర తీసుకోమని కార్డు రాసి పంపారు. పదిహేను రోజులకోసారి రావాలి. పిల్ల పాలు తాగుతోందని కార్డు మీద ఎవరూ రాయలేదు. రాసి ఉన్నా నేను చదివేవాణ్ణని అనుకోను. మాత్రలు లెక్కపెట్టి, పొట్లం కట్టి, "పరగడుపున వేసుకో, ఒక్కరోజు కూడా మానొద్దు" అన్నాను. ఆ మందుల్లో ఒక ఎర్ర క్యాప్సూలు ఉండేది. అది మింగితే ఒంటేలు ఎర్రగా వస్తుంది. చెమట మరక కూడా రంగు తేలుతుంది. దానివల్ల ప్రమాదమేమీ లేదు. ముందే ఒక మాట చెప్పి పంపాలి. చెప్పలేదు.

పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది. ఆ రోజు లైను వరండా దాటి ఎండలోకి పోయింది. గోడ గడియారంలో మూడుకు పది నిమిషాలు తక్కువ. నేను పొట్లం చేతిలో పెడుతుంటే అందుకోకుండా నిలబడింది.

"అయ్యా, ఒక మాటండి."

"ఏంటమ్మా?"

"ఈ మందు పాలల్లోకి దిగుద్దా అయ్యా?"

వెనక ఎవరో ముసలాయన విసుక్కుంటున్నాడు. నేను తలెత్తలేదు.

"దిగుతుందమ్మా. నువ్వు ఏం తిన్నా పాలల్లోకి దిగుతుంది. తర్వాత ఎవరు?"

ఆమె పొట్లం తీసుకుని పక్కకు జరిగింది. అంతే జరిగింది. ఈ కథలో నేను చేసిన పని అదొక్కటే.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ మందులు పాలల్లోకి కొంచెం దిగుతాయి. కానీ ఆ కొంచెం బిడ్డకు హాని చేయదు. తల్లి మందు మింగుతూనే పాలివ్వొచ్చు, ఇవ్వాలి కూడా. బిడ్డకు భయం పాల నుంచి కాదు, మందు మింగని తల్లి దగ్గు నుంచి. ఇదంతా నాకు తెలుసు. తెలియక చెప్పలేదని మీరు అనుకుంటారేమోనని ఇంకో సంగతి కూడా చెబుతాను. అప్పటికి మా ఇంట్లోనూ ఐదు నెలల బాబు ఉన్నాడు. ఆ నెలలోనే మా ఆవిడకు రొమ్ములో గడ్డలా కట్టి జ్వరం వస్తే డాక్టరు మందులు రాశారు. ఆమె కూడా ఇదే ప్రశ్న అడిగింది. నేను మంచం మీద ఆమె పక్కన కూర్చుని, పాలు మానితే గడ్డ ఇంకా పెరుగుతుందనీ, ఈ మందు బిడ్డను ఏమీ చేయదనీ, ఒకవేళ వాడికి కాస్త పల్చగా విరేచనమైనా కంగారు పడొద్దనీ వివరంగా చెప్పాను. ఆమె రెండోసారి అడిగితే రెండోసారి చెప్పాను. ఆ రోజు నాకు ఏ బస్సూ గుర్తు రాలేదు.

ఆ అమ్మాయి పదిహేను రోజులకోసారి తప్పకుండా వచ్చేది. వానొచ్చినా వచ్చింది, కాలవ గట్టు తెగి బస్సులు ఆగిన రోజు కూడా నడిచి వచ్చింది. కార్డు నిండా టిక్కులు. మందు మధ్యలో మానేసి మళ్ళీ మొహం వేలాడేసుకుని వచ్చేవాళ్ళను నేను ఆమెను చూపించి కేకలేసేవాణ్ణి. "చూడండి ఆ అమ్మాయిని. చంటిబిడ్డను ఎత్తుకుని వస్తోంది. సిగ్గు లేదూ మీకు?" ఆమె తల దించుకునేది. నేను పొగిడినందుకు సిగ్గుపడిందనుకున్నాను.

పిల్ల మాత్రం రోజురోజుకీ బొద్దుగా తయారైంది. తల్లే ఎండిపోతోంది. రెండు నెలలు గడిచేసరికి జాకెట్టు భుజాల మీద నుంచి జారిపోయేది. డాక్టరు గారు చూసి, "మందు పనిచేయట్లేదు. మొండి రకమేమో. పెద్దాసుపత్రికి రాయాలి" అన్నారు. అప్పుడు పక్కనే ఉన్న నర్సు నన్ను అడిగింది.

"ఆమె మాత్రలు మింగుతోందంటారా సార్?"

"కార్డు చూడండి సిస్టర్. ఒక్క రోజు తప్పలేదు."

"తీసుకోవడం తప్పలేదు. మింగడం సంగతి అడుగుతున్నా. ఒంటేలు రంగు మారుతోందా అని ఎప్పుడైనా అడిగారా?"

నాకు కోపం వచ్చింది. మందులు నా శాఖ. అందులో ఇంకొకరు వేలు పెట్టడమేంటని. "అలాంటివి నేనెలా అడుగుతానండీ ఆడపిల్లని?" అన్నాను. అది వంకని ఆమెకు తెలుసు.

రెండు రోజుల తర్వాత పొద్దున పదకొండింటికి నర్సు పల్లె నుంచి నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చింది. చెప్పులకు బురద, చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి.

"లైను ఆపండి సార్."

"ఇంతమంది ఉన్నారు కదా సిస్టర్..."

"ఆపండి."

లోపలికి వచ్చి తలుపు వేసింది. మెల్లగానే మాట్లాడింది.

"ఆమె మాత్రలు మింగట్లేదు. మొదటి రెండు వారాలు మింగింది, అంతే. ఒంటేలు ఎర్రగా వస్తే రక్తమనుకుంది. ఒకరోజు పాల చుక్క జాకెట్టు మీద పసుప్పచ్చగా కనపడిందంట. హడలిపోయింది. అప్పుడు మిమ్మల్ని అడిగిందంట, మందు పాలల్లోకి దిగుద్దా అని. మీరు దిగుద్దన్నారంట."

నేను రిజిస్టరు సర్దుకున్నాను.

"అన్నారా సార్?"

"అన్నాను. కానీ మానెయ్యమని నేను చెప్పలేదు కదా సిస్టర్."

"పాలివ్వొచ్చని చెప్పారా?"

మిగిలినది కూడా ఆమే చెప్పింది. ఈ పిల్లకు ముందు ఆ అమ్మాయికి ఒక మగపిల్లాడు పుట్టి, రెండో నెలలో కామెర్లతో పోయాడట. నీ పాలు మంచివి కావు, అందుకే బిడ్డ నిలవలేదని అత్తగారి తరఫు వాళ్ళు అన్నారట. ఈ పిల్ల పుట్టినప్పటి నుంచి ఆమె ఏ కూర తినాలన్నా పది మందిని అడిగి తినేది. అలాంటి మనిషికి, నువ్వు మింగేది నీ బిడ్డ నోట్లోకి పోతుందని నేను చెప్పాను. ఆమె మందు మానేసింది. రావడం మానితే మేము ఇంటికొచ్చి అత్తగారి ముందు కేకలేస్తామని మాత్రం ప్రతి పదిహేను రోజులకూ వచ్చి పొట్లం తీసుకునేది. పిల్ల బొద్దుగా పెరగడం చూసి, తను చేసింది మంచి పనేనని నమ్మింది.

ఆ మధ్యాహ్నమే నేనూ నర్సూ వాళ్ళింటికి వెళ్ళాం. తాటాకుల ఇల్లు. వాకిట్లో చేపలు ఎండేశారు. అత్తగారు కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. మగాళ్ళు వేటకు వెళ్ళి రెండు రోజులైంది. ఆ అమ్మాయి చాప మీద లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. పిల్ల ఒళ్ళో ఆడుకుంటోంది.

దారి పొడుగునా నేను చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. తప్పు నాదని చెప్పాలనే అనుకున్నాను. కానీ ఆమె ఎదురుగా కూర్చున్నాక నా నోట వచ్చిన మొదటి మాట ఇది:

"అమ్మా, ఆ రోజు నేను చెప్పింది నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు."

నర్సు తల తిప్పి నా వైపు చూసింది.

ఆ అమ్మాయి మాత్రం కంగారుపడిపోయింది. "అవునయ్యా. నేనే సరిగ్గా ఇన్లేదు. జనంలో నాకు తెలవలేదు. తప్పైపోయిందయ్యా" అని రెండు చేతులూ జోడించింది.

నర్సు ఆమె చేతులు పట్టుకుని కిందికి దించింది. తర్వాత చెప్పాల్సినవన్నీ ఆమే చెప్పింది. మందు మింగుతూ పాలివ్వొచ్చనీ, ఎర్ర రంగు రక్తం కాదనీ, దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకోవాలనీ, పిల్లకు కూడా పరీక్ష చేయించాలనీ. ఆ అమ్మాయి ఒక్కో మాటకూ తలూపుతూ వింది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"అయితే పాప తాగిన పాలు మంచియ్యేగా అక్కా?"

"మంచివేనమ్మా. చాలా మంచివి. చూడు ఎంత బాగుందో నీ కూతురు."

అప్పుడు ఆమె ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం కూడా ఉంది. అది చూశాక నేను అక్కడ కూర్చోలేక బయటికి వచ్చి కాకుల్ని చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె ఒక్క పూట తప్పకుండా మింగింది. నర్సు రోజూ పొద్దున వెళ్ళి ఎదురుగా మింగించేది. పెద్దాసుపత్రికి కూడా పంపాం. కానీ ఊపిరితిత్తుల్లో మిగిలింది తక్కువ. నాలుగో వారం ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే దగ్గు తెర వచ్చి రక్తం పడింది. బండి కట్టి ఆసుపత్రికి తీసుకొస్తుంటే దారిలోనే పోయింది.

వారం తర్వాత ఆమె భర్త వచ్చాడు. పాతికేళ్ళవాడు. ఎండకు కమిలిన మొహం, తాళ్ళు లాగి గట్టిపడిన చేతులు. ఒక బిస్కెట్ల డబ్బా కిటికీ మీద పెట్టాడు. మూత తీస్తే నా చేత్తో కట్టిన పొట్లాలు, కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"ఇంకెవురికన్నా పనికొత్తాయేమోనండి" అన్నాడు. నేను తీసుకున్నాను. అతను ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

నెలాఖరుకు రిపోర్టు పంపాలి. కారణం అన్నచోట ఏం రాయమంటారని డాక్టరు గారిని అడిగాను. "రోగి మందులు సక్రమంగా వాడలేదు అని రాయండి. నిజమేగా?" అన్నారు. నిజమే. రాశాను. ఆ కిటికీ దగ్గర ఆమెకు చెప్పిందీ నిజమే, ఈ కాగితం మీద రాసిందీ నిజమే. ఆ కాగితం మీద నర్సు కూడా సంతకం పెట్టాలి. ఆమె చదివి, మడిచి, నా బల్ల మీద పెట్టి, "నేను పెట్టను సార్" అంది. ఆమె సంతకం లేకుండానే అది పైకి వెళ్ళింది. పైన ఎవరూ అడగలేదు. తర్వాత ఆమె నాతో ఎప్పటిలాగే మాట్లాడింది. కాకపోతే కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా లైను పక్కన కాసేపు నిలబడి, నేను రోగులకు ఏం చెబుతున్నానో విని వెళ్ళేది. మొదట్లో అవమానంగా ఉండేది. పోనుపోనూ ఆమె వినడం కోసమే ఇంకో మాట ఎక్కువ చెప్పడం అలవాటైంది. మూడున్నర బస్సు తప్పడం కూడా అలవాటైంది. చాలా సాయంత్రాలు రేపల్లె స్టేషనులో ఆఖరి బండి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

తొంభైల్లో నాకు బాపట్ల బదిలీ అయింది. అక్కడికి వెళ్ళేసరికి నేను నత్తనని పేరు తెచ్చుకున్నాను. లైను కదలదని జనం తిట్టేవాళ్ళు. బిడ్డను ఎత్తుకున్న ప్రతి తల్లినీ పాలిస్తున్నావా అని అడగడం తోటివాళ్ళకు వేళాకోళమైంది. దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి కూడా నాకు అర్హత లేదు. ఎందుకంటే ఒకసారి అవతలి వైపు కూడా తప్పాను. క్యాన్సరుకు మందు వాడుతున్న ఒక తల్లి పాల గురించి అడిగితే, "ఏం కాదమ్మా, ఇవ్వు" అనేశాను. ఏం కాదని చెప్పడమే దయ అనే ధోరణిలో పడిపోయాను. అది పాలిచ్చే తల్లి వాడకూడని మందు. అదృష్టం, ఆమె గేటు దాటకముందే చీటీ మళ్ళీ చూసుకుని పరిగెత్తి ఆపాను. దిగుతుందని చెప్పడం ఎంత తేలికో, ఏం కాదని చెప్పడం కూడా అంతే తేలిక. 'ఉండమ్మా, పుస్తకం చూసి చెబుతాను, డాక్టరు గారిని అడిగి చెబుతాను' అనడమే కష్టం. ఆ మాట అంటే మనకు తెలియదని పదిమందికీ తెలిసిపోతుంది. తెలియనివ్వండి. పరువు పోయినందుకు ఎవరూ చచ్చిపోలేదు.

బదిలీకి ముందు జరిగినది ఒకటి ఉంది. దాని గురించి నేను మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

తల్లి పోయిన నెలకు ఆ పిల్లకు మెడ దగ్గర గడ్డలు లేచాయి, జ్వరం పట్టుకుంది. పరీక్ష చేస్తే అదే జబ్బు. పాలతో రాలేదు. పక్కన పడుకోబెట్టుకుని దగ్గిన దగ్గుతో వచ్చింది. తండ్రి వేట మానుకుని పదిహేను రోజులకోసారి పిల్లను భుజాన వేసుకుని వచ్చేవాడు. నేను మాత్ర నూరి, ఏ పూటకాపూట పొట్లాలు కట్టి, ఎలా పట్టాలో చెప్పి, మళ్ళీ అతని చేత చెప్పించుకునేవాణ్ణి. అప్పజెప్పేవాడు. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పిల్ల తేరుకుంది. నడక వచ్చింది. ఆఖరి పొట్లం ఇచ్చిన రోజు, ఇంక రానక్కర్లేదు తమ్ముడూ, మందు అయిపోయింది అన్నాను. అతను కదల్లేదు.

"అయ్యా, ఒకటి అడుగుదామని."

"అడుగు."

"మా ఆడమనిషి ఆ మాత్రలు మింగితే బతికేదా?"

వెనక ముప్పై మంది ఉన్నారు. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చి, అతన్ని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. పిల్ల మా ఇద్దరి మధ్యా నిలబడి నా చొక్కా గుండీ లాగుతోంది.

"బతికేది" అన్నాను. "ఆమె తప్పుగా వినలేదు తమ్ముడూ. సరిగ్గానే అడిగింది, సరిగ్గానే వింది. నేనే సగం చెప్పాను. మిగతా సగం చెప్పే తీరిక చేసుకోలేదు."

అతను పిల్ల చెయ్యి నా గుండీ మీద నుంచి తీసి తన చేతిలో పట్టుకున్నాడు.

"పోయే ముందు రోజు చెప్పిందయ్యా, మందుల సారు తప్పేం లేదు, నేనే సరిగ్గా ఇన్లేదు, ఆయన్నేం అనబాకు అని. నేను నమ్మలేదు. అది ఏ మాటైనా సరిగ్గా ఇనే మనిషండి. అందుకనే మిమ్మల్నే అడుగుదామనుకున్నా."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"పిల్లకి మందు మీ చేతిలోనే ఉందిగదయ్యా" అన్నాడు.

లేచి పిల్లను భుజానికెత్తుకున్నాడు. దణ్ణం పెట్టలేదు, తిట్టలేదు. ఎండలో బస్సు దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు.